దుబాయ్ సామాను – మన గుమ్మం ధర

మా మన్సూరాబాద్‌లో ఏ వీధిలో చూసినా పిల్లల్లో ఒక్కరైనా పై దేశంలో లేని ఇల్లు తక్కువేనండీ. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు వైపుల నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చి, ఎల్.బి.నగర్ దగ్గర్లో రెండు వందల గజాలు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న కుటుంబాలే ఇక్కడ ఎక్కువ. పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగుల్లో చేర్పించి చదివించారు. వాళ్ళిప్పుడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో ఉన్నారు. అందుకే ఎవరింటికి ఎవరు వస్తున్నా, ఇక్కణ్ణించి ఎవరు వెళుతున్నా, ముందు వినబడే మాట ఒక్కటే – "అక్కడ చవకట కదా, మాకూ ఒకటి తెచ్చిపెట్టరూ!"

ఆ చవక ఎంత చవకో కాగితం మీద లెక్క వేసి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. మేము 2019 నవంబరులో దుబాయ్‌లో ఉంటున్న మా తమ్ముడింటికి వెళ్ళి పన్నెండు రోజులుండి వచ్చాం. ఆ ప్రయాణంలో చూసినవీ, విన్నవీ, కట్టినవీ మీతో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

చీటీల మీద చీటీలు

ప్రయాణం ఖాయమైందని తెలియగానే మా ఇంటికి చీటీలు మొదలయ్యాయి. ఒకావిడకి ఫోను, ఇంకొకావిడ కొడుక్కి ట్యాబు, వెనక వీధి పిన్నిగారికి జుట్టు ఆరబెట్టే మిషను, మావారి ఆఫీసులో ఒకాయనకి కెమెరా. ఒకరైతే "మా బంధువు అక్కడ మీకో చిన్న ప్యాకెట్టు ఇస్తాడు, తెచ్చిస్తే చాలు" అన్నారు. మావారు అందరికీ నవ్వుతూనే సమాధానం చెప్పారు గానీ, ఆ ప్యాకెట్టు మాటకి మాత్రం ఖచ్చితంగా కుదరదన్నారు. ఎందుకో తర్వాత చెబుతాను.

వెళ్ళేటప్పుడు ఒక మంచి పని చేశాం. మావారి దగ్గర ఖరీదైన కెమెరా ఒకటుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందే కస్టమ్స్ వారికి చూపించి, ఇది మేము ఇక్కణ్ణించి తీసుకెళుతున్నదే అని ఎగుమతి ధ్రువపత్రం రాయించుకున్నాం. ఆ కాగితం ఉంటే తిరిగి వచ్చేటప్పుడు "ఇది ఎక్కడ కొన్నారు?" అనే ప్రశ్న ఉండదు. ఆడవాళ్ళం మనం ఇది మరీ గుర్తుంచుకోవాలి. పెళ్ళికో పురిటికో వెళుతూ చేతినిండా గాజులూ, మెడలో హారాలూ వేసుకుని వెళతాం. వచ్చేటప్పుడు అవి పాతవని మన నోటి మాటతో రుజువు చేయడం కష్టం. నగలకు సుంకం మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది ఏడాదికి పైగా పై దేశంలో ఉండి వచ్చేవారికి. పన్నెండు రోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి కాదు. కాబట్టి బరువైన నగలు లాకర్లో పెట్టి వెళ్ళడమో, కాగితం రాయించుకోవడమో చెయ్యాలి.

క్రీకు ఒడ్డున అంగళ్ళు

హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటల లోపు ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. పెద్ద పెద్ద మాల్స్ సంగతి అందరూ చెబుతారు గానీ, నాకు నచ్చింది మాత్రం పాత ఊరే. ఊరి మధ్యలోకి సముద్రపు పాయ ఒకటి వచ్చి ఉంటుంది, దాన్ని క్రీక్ అంటారు. ఒక ఒడ్డున దేరా, ఇంకో ఒడ్డున బర్ దుబాయ్. అటూ ఇటూ దాటడానికి అబ్రా అనే చెక్క పడవలు. మనిషికి ఒక్క దిర్హాం. పడవలో మన పక్కన కూర్చున్నవాళ్ళు మలయాళీలో, బంగ్లాదేశ్ వాళ్ళో, పఠాన్లో, ఒక్కోసారి మన జగిత్యాల కుర్రాళ్ళో అయి ఉంటారు.

దేరా వైపు బంగారం బజారు, సుగంధ ద్రవ్యాల బజారు. బర్ దుబాయ్ వైపు మీనా బజారు, అల్ ఫహీదీ వీధి. ఆ వీధి పొడుగునా ఎలక్ట్రానిక్స్ దుకాణాలే. మన కోఠీ గుజరాతీ గల్లీని వెడల్పు చేసి, దీపాలు పెట్టి, ఏసీ బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. హిందీ వస్తే చాలు, బేరం ఆడుకోవచ్చు. ఒకే హెడ్‌ఫోను మూడు దుకాణాల్లో మూడు ధరలు చెప్పారు. ఇంకో షాపులో బిల్లు లేకుండా అయితే ఇరవై దిర్హాంలు తగ్గిస్తానన్నాడు. మా తమ్ముడు "వద్దక్కా, బిల్లు లేని వస్తువు కొంటే తర్వాత మనకే ఇబ్బంది" అని బయటికి లాక్కొచ్చాడు.

దుబాయ్‌లో పన్నే లేదని మనవాళ్ళు ఇంకా చెప్పుకుంటూ ఉంటారు. 2018 జనవరి 1 నుంచి అక్కడా 5 శాతం వ్యాట్ వచ్చింది. అయితే చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి అందులో కొంత తిరిగి ఇచ్చే పద్ధతిని అదే ఏడాది నవంబరులో మొదలుపెట్టారు. మేము వెళ్ళినప్పుడు దాని లెక్క ఇలా ఉంది. ఆ పథకంలో చేరిన దుకాణంలో, కనీసం 250 దిర్హాంల సరుకు కొనాలి, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సూట్‌కేసులు అప్పగించక ముందే వాళ్ళ కౌంటర్లో బిల్లూ, వస్తువూ చూపించాలి. కట్టిన వ్యాట్‌లో 85 శాతం ఇచ్చి, ఒక్కో బిల్లుకి 4 దిర్హాంల 80 ఫిల్సు ఖర్చు కింద పట్టుకుంటారు.

మా అబ్బాయికి కొన్న ట్యాబు వ్యాట్‌తో కలిపి 1,050 దిర్హాంలు. అందులో వ్యాట్ 50. దానిలో 85 శాతం 42.50, ఖర్చు పోను చేతికొచ్చింది 37.70 దిర్హాంలు. అప్పట్లో దిర్హాం మన డబ్బులో పంతొమ్మిదిన్నర రూపాయలు అనుకుంటే 735 రూపాయలు. ఇంటికి ఖర్జూరాలూ, బాదం పప్పూ వచ్చేశాయి కదా! మా తమ్ముడు మా అమ్మాయి కోసం తన కార్డు మీద కొనిపెట్టిన ఫోనుకి మాత్రం పైసా తిరిగి రాలేదు. అక్కడ నివాసం ఉంటున్నవాళ్ళకి ఈ పద్ధతి వర్తించదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకి ఇక్కడో మాట. అక్కడ అరలో రాసి ఉన్న ధర అసలు ధర కాదు. బిల్లు చేసేటప్పుడు ఆ రాష్ట్రం అమ్మకం పన్ను దాని మీద పడుతుంది. డెలావేర్, ఒరెగాన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఆ పన్ను లేదు. పైగా అక్కడ కరెంటు 110–120 వోల్టులు. మన ఇళ్ళలో 230. ఛార్జర్ మీద 100–240 అని రాసి ఉంటే పర్వాలేదు గానీ, అక్కడి మిక్సీనో ఇస్త్రీ పెట్టెనో తెచ్చి ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే మాడిపోతుంది. దుబాయ్ వస్తువులకి ఆ భయం లేదు. పలక కాళ్ళ ప్లగ్గు మార్చుకుంటే చాలు.

ఆకుపచ్చ దారి, ఎర్ర దారి

తిరిగి శంషాబాద్‌లో దిగి సామాను తీసుకున్నాక బయటికి రెండు దారులుంటాయి. సుంకం కట్టవలసింది ఏమీ లేనివాళ్ళకి ఆకుపచ్చ దారి. ఉన్నవాళ్ళకి ఎర్ర దారి. ఎర్ర దారంటే ఏదో నేరం చేసినట్టు, అందరూ మనల్నే చూస్తున్నట్టు చాలామందికి బెరుకు. ఆ బెరుకే మనచేత తప్పు చేయిస్తుంది.

అప్పటి నిబంధనల ప్రకారం మన దేశం వాళ్ళు మనిషికి 50 వేల రూపాయల విలువైన కొత్త సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇది 2016 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన లెక్క. వాడుకున్న బట్టలు, సొంత వాడకపు సామాను ఇందులోకి రావు. పద్ధెనిమిదేళ్ళు నిండినవారు ఒక ల్యాప్‌టాప్ విడిగా తెచ్చుకోవచ్చు. 50 వేలు దాటిన భాగం మీద 35 శాతం సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సర్‌ఛార్జి, వెరసి 38.5 శాతం.

మా తమ్ముడిచ్చిన ఫోను 3,400 దిర్హాంలు, అంటే సుమారు 66,300 రూపాయలు. దాన్ని నా పేరున ఉంచి, తక్కిన సామానంతా మావారి లెక్కలో వేశాం. 66,300లో 50 వేలు పోను 16,300. దాని మీద 38.5 శాతం అంటే దాదాపు 6,276 రూపాయలు. ఈ లెక్క నేను దుబాయ్‌లో వంటింటి బల్ల మీదే వేసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ షాపులో అదే ఫోను ధర ఫోన్ చేసి కనుక్కున్నాను. సుంకం కట్టినా మూడు నాలుగు వేలు మిగులుతుందని తేలాకే తెచ్చాం. కాబట్టి దిగగానే నేరుగా ఎర్ర దారిలోకి నడిచాం.

"భార్యాభర్తలిద్దరికీ కలిపి లక్ష కదా, 90 వేల ఫోనైనా తెచ్చుకోవచ్చు" అని మా ఆడపడుచు వాదించేది. కుదరదు. ఒకరి మినహాయింపు ఇంకొకరి దానితో కలపకూడదని నిబంధనలోనే ఉంది. చెరొక 45 వేల ఫోను తెస్తే సుంకం లేదు. ఒక్కటే 90 వేలదైతే, పైనున్న 40 వేల మీద అప్పట్లో 15,400 కట్టాల్సి వచ్చేది. చంటిబిడ్డ పేరు మీద కూడా ఇంకో 50 వేలు వేసుకునేవాళ్ళున్నారు. రెండేళ్ళలోపు పిల్లలకి వాళ్ళు వాడుకునే బట్టలూ సామానే తప్ప ఆ మినహాయింపు లేదు.

టీవీ డబ్బా పక్కన నిలబడ్డ అబ్బాయి

మా ముందు వరసలో ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. పక్కన తాళ్ళతో కట్టిన పెద్ద టీవీ డబ్బా. మావారు పలకరిస్తే చెప్పాడు – ఊరు జగిత్యాల దగ్గర, దుబాయ్‌లో కట్టడం పని, రెండు నెలల సెలవు మీద వస్తున్నాడు, చెల్లెలి పెళ్ళి. "చెల్లెకు ఇద్దామని తెస్తున్న సార్. పదకొండు వందల దిర్హాంలు వడ్డది. యాభై వేల దాంక ఫ్రీ అన్నరు కద, ఇది ఇరువై ఒక్క వేలే" అన్నాడు.

పాపం, అతను విన్నమాట అబద్ధం కాదు, సగం నిజం. 2013 ఆగస్టు 26 నుంచి పలక టీవీలకి ఆ మినహాయింపు తీసేశారు. ఆ ఏడాది రూపాయి విలువ బాగా పడిపోతోంది, డాలర్లు బయటికి పోతున్నాయి. థాయ్‌లాండ్, దుబాయ్‌ల నుంచి విమానాల్లో టీవీలు తెగ వచ్చేవి. 2016 నిబంధనల్లోనూ టీవీని ఆ మినహాయింపు బయటే ఉంచారు. అంటే టీవీ ఎంత చిన్నదైనా మొదటి రూపాయి నుంచే సుంకం. 21 వేల మీద 38.5 శాతం అంటే 8,085 రూపాయలు.

కౌంటర్లో ఆయన లెక్క చెప్పగానే ఆ అబ్బాయి మొహం చూడలేకపోయానండీ. జేబులోంచి తీసి లెక్క పెట్టుకుంటే మూడు వేల రూపాయలు, కొన్ని దిర్హాంలు. "ఇది నా నెల కష్టం అక్కా" అన్నాడు నా వైపు తిరిగి. మాకేం చెప్పాలో తోచలేదు. అధికారి విసుక్కోకుండా, ఇప్పుడు కట్టలేకపోతే టీవీ ఇక్కడే రసీదు మీద పెట్టి వెళ్ళొచ్చు, తర్వాత డబ్బు కట్టి తీసుకోవచ్చు అని చెప్పాడు. ఇంతలో అతనితో పాటే విమానంలో వచ్చిన గది స్నేహితులు ఇద్దరు వెనక్కి వచ్చారు. ఒకరు రెండు వేలు, ఇంకొకరు మూడు వేలు తీశారు, తక్కువైంది దిర్హాంలు మార్చి సర్దారు. రసీదు తీసుకుని, టీవీ డబ్బా బండి మీద పెట్టుకుని ముగ్గురూ బయటికి వెళ్ళారు. "పెండ్లికి రాండ్రి అక్కా" అని కూడా పిలిచాడు!

అతను చేసిన ఒక్క మంచి పని, ఎర్ర దారిలోకి తనంతట తాను రావడం. దానివల్ల సుంకంతో పోయింది. చెప్పకుండా ఆకుపచ్చ దారిలో వెళ్ళి పట్టుబడితే, 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం వస్తువు స్వాధీనం చేసుకోవచ్చు, జరిమానా వేయొచ్చు. చెల్లెలి పెళ్ళికి వచ్చినవాడు ఆ కాగితాల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

మరి లాభం ఏమైనా మిగిలిందా? 21 వేలు, 8,085 కలిపితే 29,085. అప్పట్లో ఆ సైజు టీవీ జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఇంచుమించు ఆ ధరకే దొరికేది. గ్యారంటీ ఉండేది, ఇంటికి తెచ్చి గోడకి బిగించి వెళ్ళేవాళ్ళు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జిఎస్టి 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. అంత దూరం నుంచి అద్దం పగలకుండా మోసుకొచ్చిన శ్రమకి ఫలం ఏముంది చెప్పండి?

కాలం మారింది, మాట మారలేదు

మన చిన్నతనంలో సంగతి వేరు. 1991కి ముందు పై దేశపు సరుకు మన బజార్లో దొరకడమే అరుదు, కొన్నిటి మీద సుంకం అసలు ధరని మించి ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు బేగంపేటలో దిగి టూ-ఇన్-వన్ తెస్తే వీధి వీధంతా వచ్చి చూసేది. మద్రాసు వెళ్ళినవాళ్ళు బర్మా బజారులో ఫారిన్ వాచీ కొనకుండా వచ్చేవారు కాదు. బేగంపేట నుంచి విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కి మారిపోయాయి. ఇప్పుడు ఫోన్లూ టీవీలూ చాలా వరకు మన దేశంలోనే తయారవుతున్నాయి. అయినా "ఫారిన్‌ది చవక, ఫారిన్‌ది గట్టి" అన్న మాట మాత్రం మన ఇళ్ళలో అలాగే నిలిచిపోయింది.

సుంకం లెక్కలు కూడా మారుతున్నాయి. 2026 ఫిబ్రవరి 2 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో మన దేశం వాళ్ళకి మినహాయింపు 50 వేల నుంచి 75 వేలకి పెరిగింది. ఏడాదికి పైగా పై దేశంలో ఉండి వచ్చే ఆడవాళ్ళు తెచ్చుకునే నగలకి విలువ లెక్క తీసేసి, 40 గ్రాముల బరువు ఒక్కటే చూస్తున్నారు. మగవారికి 20 గ్రాములు. మేము సుంకం కట్టిన ఆ ఫోను ధరకే ఇవాళ ఇంకొకటి తెస్తే ఏమీ కట్టనక్కర్లేదు. అందుకే చెబుతున్నాను, పక్కింటివాళ్ళు రెండేళ్ళ క్రితం చెప్పిన లెక్క నమ్ముకోకండి. ప్రయాణం నెలలో ఉన్న నిబంధన ఏదో అప్పుడే చూసుకోండి.

ప్రయాణానికి ముందు ఇవి చూసుకోండి

– కొనాలనుకున్న వస్తువు ధర ముందు మన ఊళ్ళో కనుక్కోండి. అక్కడి ధర, అక్కడి పన్ను, ఇక్కడి సుంకం కలిపితే వచ్చేదే దాని అసలు ధర.

– ప్రతి వస్తువుకీ బిల్లు తీసుకుని, సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. బిల్లు లేకపోతే అధికారులు తమకు తెలిసిన ధరతో లెక్క కడతారు.

– ఇక్కణ్ణించి తీసుకెళ్ళే ఖరీదైన కెమెరా, నగలు ఉంటే వెళ్ళేటప్పుడే ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి.

– గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కొనక ముందే అడగండి.

– ఏళ్ళ తరబడి ఉండి, అక్కడ ఇల్లు ఎత్తేసి వచ్చేసేవాళ్ళకి ఇంటి సామాను మీద వేరే, పెద్ద మినహాయింపులు ఉన్నాయి. అలా వచ్చే పిల్లలుంటే టిక్కెట్టు కొనక ముందే ఆ లెక్క తెలుసుకోమనండి.

– సుంకం పడుతుందని తెలిసినప్పుడు దానికి సరిపడా డబ్బు గానీ కార్డు గానీ దగ్గర ఉంచుకోండి.

– ఎవరి ప్యాకెట్టూ తీసుకురాకండి. మన చేతిలో ఉన్న సంచికి మనమే జవాబుదారీ. లోపల పిండివంట ఉందో, బంగారం ఉందో మనకేం తెలుసు? మావారు ఆ రోజు కుదరదన్నది ఇందుకే. అడిగినవారికి రెండు రోజులు కోపం ఉంటుంది, తర్వాత పోతుంది. కేసు అయితే పోదు.

ఇంకొక్క మాట. గల్ఫ్‌లో ఎండలో పనిచేసే తమ్ముళ్ళని, అన్నలని "ఏం తెచ్చావు?" అని అడగడం మనం మానుకుంటే సగం బరువు తగ్గుతుంది. ఆ అడగడానికి భయపడే వాళ్ళు అప్పు చేసి మరీ డబ్బాలు మోసుకొస్తున్నారు. ఆ డబ్బు ఇంటికి పంపితే చెల్లెలికి నచ్చిన టీవీ ఇక్కడే కొనుక్కోవచ్చు, చెడిపోతే బాగుచేయించుకోవచ్చు. మీ ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఈసారి చీటీ రాయకుండా, ఏ రోజు దిగుతున్నారో, వాళ్ళకి ఏం కూర వండాలో కనుక్కోండి. ఏమంటారు?